రైలు తెచ్చిన బాలిక, చేరని ఉత్తరం
సినిమాలలో పడుపు వృత్తి స్త్రీ

(ఫెడరేషన్ అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ మొదలైన విషయాలపై రెండు రోజులుగా మనం చర్చించుకున్నాము. ఇప్పుడు నాకు అప్పగించిన విషయం సినిమా. అందులోనూ పురుషాధిక్య సమాజం బలవంతంగా పడుపు వృత్తిలోకి నెట్టిన స్త్రీని మన చిత్రాలు ఏ విధంగా చూపుతున్నవి అన్నది. కార్యక్రమ పత్రం చూసి ఒక మిత్రుడు, "యూనియన్ తరగతిలో ఈ ప్రస్తావన ఎందుకండీ?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం ఆ చిత్రాలలోనే ఉన్నది. వాటిని గుర్తుకు తెచ్చుకోండి. బాలికను పట్నానికి తెచ్చేది రైలు. ఇంటికి కబురు పంపాలని ఆమె ఆశ్రయించేది ఉత్తరం. ఒకప్పుడైతే ట్రంకు కాలు. ఈ కథలు మన బోగీలలో, మన కౌంటర్ల ముందు నడిచిన కథలు. కనుక ఇవి మనవి కావని అనలేము.

రెండు బజారులు

తెలుగువారి విషయంతోనే మొదలుపెడతాను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శింపబడినది. ఎంతో మార్చి, పెంచి వ్రాసిన రెండవ కూర్పు 1909లో వెలువడినది. 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వంలో అది చలనచిత్రమైనది. గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి నటించారు.

ఆ నాటకంలో రెండు బజారులు పక్కపక్కనే ఉన్నవి. ఒక బజారులో అగ్నిహోత్రావధాన్లు తన పసికూతురిని ముసలి లుబ్ధావధాన్లుకు వెలకట్టి ఇవ్వజూస్తాడు. దానికి పెళ్ళి అని పేరు. మంత్రాలున్నవి, పురోహితుడున్నాడు, బంధువులున్నారు. రెండవ బజారులో మధురవాణి ఉన్నది. దానికి పాపమని పేరు. మొదటి బజారులో వెల తండ్రికి ముడుతుంది, గౌరవం చెడదు. రెండవ బజారులో మగవాడు వచ్చి పోతాడు, అవమానం మాత్రం స్త్రీకి మిగులుతుంది. ఈ రెంటినీ ఒకే కథలో కట్టి, "దీనికీ దానికీ తేడా ఏమిటో మీరే చెప్పండి" అని గురజాడ మనలను నిలబెట్టారు.

ఇంకొక సంగతి. అది భోగం మేళాలకు వ్యతిరేకంగా సంస్కర్తలు ఉద్యమించిన కాలం. నాటకంలోని సౌజన్యారావు పంతులు ఆ పక్షం మనిషి, నిజంగా మంచివాడు. అయినను ఆయన గడప తొక్కటానికి మధురవాణి మగవేషం వేసుకోవలసి వచ్చినది. కేసు చిక్కు విప్పే సమాచారం ఆమె వద్దనే ఉన్నది. అయినా సంస్కరణ తలుపు ఆమెకు పురుషవేషంలోనే తెరుచుకున్నది. మన చిత్రాలను పరీక్షించటానికి ఇంతకంటే మంచి గీటురాయి నాకు కనిపించలేదు.

త్యాగమూర్తి అనే అచ్చు

మన సినిమా ఆ గీటురాయి మీద ఎంతవరకు నిలిచినది? చాలా భాగం నిలువలేదు. వేశ్య పాత్రకు ఒక అచ్చు తయారయినది. ఆమె బంగారు మనసు గలది. కథానాయకుని కోసం సర్వస్వం వదులుకుంటుంది. చివరకు తప్పుకుంటుంది, లేదా మరణిస్తుంది.

1953లో వేదాంతం రాఘవయ్యగారు తీసిన దేవదాసు మీలో చాలామందికి కంఠస్థం. అక్కినేని, సావిత్రి, చంద్రముఖిగా లలిత. చంద్రముఖి పాత్రను చూసి కంటతడి పెట్టని ప్రేక్షకుడు అరుదు. ఆమె వృత్తి మానుకుంటుంది, పతనమైన పురుషునికి శుశ్రూష చేస్తుంది. అంతా బాగున్నది. కాని ఆమెను ఆ మేడ ఎక్కించినది ఎవరు? ఎంత వయసున? ఎంత సొమ్ముకు? కథ ఆ ప్రశ్నలకు చోటివ్వదు. అతని దుఃఖానికి ఆదీ అంతమూ ఉన్నవి. ఆమె దుఃఖానికి ఆది లేదు.

1972 నాటి అమర్ ప్రేమ్ ఈ విషయంలో కొంత మెరుగు. శక్తి సామంత దర్శకుడు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ కథ ఆధారం. అందులో పుష్పను భర్త వెళ్ళగొడతాడు, కన్నతల్లి కాదంటుంది, ఊరు వెలివేస్తుంది, మామ వరసవాడు కలకత్తా తీసుకుపోయి అమ్మివేస్తాడు. నాలుగు తలుపులు వరుసగా మూసుకున్న తరువాతనే అయిదవ తలుపు తెరుచుకున్నదని చిత్రం స్పష్టంగా చెప్పినది. అది సత్యం. కాని తరువాత చిత్రమంతా ఆమె మాతృహృదయాన్ని నిరూపించే పనిలో పడినది. పొరుగు పిల్లవానికి తల్లి అయినది కనుక ఆమె పవిత్రురాలు అని ప్రేక్షకుని ఒప్పించవలసి వచ్చినది.

ఇక్కడ మన అనుభవం నుండి ఒక మాట అడుగుతాను. పని మీద ఉండగా ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న గ్యాంగ్‌మన్‌కు నష్టపరిహారం కోరేటప్పుడు, ఆయన ఎంత సద్గుణవంతుడో మనం రుజువు చేస్తున్నామా? ఆయన భార్యతో పోట్లాడుతాడా, సాయంత్రం కల్లు త్రాగుతాడా అని అడిగితే ఊరుకుంటామా? అన్యాయం జరిగినది కనుక న్యాయం కావాలంటాము. అంతే. అమ్ముడుపోయిన స్త్రీ విషయంలో మాత్రం ముందుగా మంచితనపు సర్టిఫికెట్టు ఎందుకు అడుగుతున్నాము? ఆమె కోపిష్ఠి అయినా, అబద్ధాలాడినా, సొమ్ము మీద ఆశ ఉన్నా, ఆమెను అమ్మినవాడు అమ్మినవాడే.

పట్టాలు, పాదాలు

కమాల్ అమ్రోహీ పాకీజా 1972 ఫిబ్రవరిలో విడుదలైనది. దాని నిర్మాణానికి పదునాలుగు సంవత్సరాలకు పైగా పట్టినది. విడుదలైన కొద్ది వారాలకే, మార్చి 31న, నాయిక మీనాకుమారి కన్నుమూసినది.

రైల్వేవారికి ఆ చిత్రంలోని బండి దృశ్యం చెప్పనక్కరలేదు. నిద్రిస్తున్న సాహిబ్‌జాన్ పాదాలు చూసి, పొరపాటున ఆ పెట్టెలోకి ఎక్కిన యువకుడు, ఆ పాదాలు నేలకు ఆననీయవద్దని ఒక చీటీ వ్రాసిపెట్టి దిగిపోతాడు. ఆ చీటీ వ్రాసినవానికి ఆమె వృత్తి తెలియదు. తనను మనిషిగా, వెల లేకుండా చూసిన మొదటి చూపు అది. ఆనాటి నుండి మేడ మీద రాత్రివేళ దూరంగా రైలు కూత వినిపించినప్పుడల్లా ఆమె ఉలికిపడుతుంది. మనకు ఆ కూత డ్యూటీ. ఆమెకు అది బయటి ప్రపంచం ఉన్నదనే ఆనవాలు.

చివరకు అవే పాదాలు, అతని పెళ్ళి సంబరంలో, పగిలిన గాజు మీద నాట్యమాడి రక్తసిక్తమవుతవి. ఆ ఇంట్లోనే ఆమె కన్నతండ్రి ఉన్నాడు. వెనుక ఆ కుటుంబమే ఆమె తల్లిని కోడలిగా ఒప్పుకోలేదు. తల్లి శ్మశానంలో తలదాచుకొని, ఆమెను కని చనిపోయినది. అంటే ఆ బిడ్డను మేడకు పంపినది పెద్దింటి పరువే. ఆ పరువు తన నృత్యశాల కోసం ఆమెనే తిరిగి పిలిపించుకున్నది. దుస్తులు, దీపాలు, సంగీతం వీటి మిరుమిట్ల మధ్య ఈ విషయం మనం మరచిపోతాము. అందమైన చిత్రానికి ఉన్న ప్రమాదం ఇదే. సంకెలను కూడా అది నగలాగా తళుక్కుమనిపిస్తుంది.

కొనేవాడు ఎక్కడ?

సరుకు ఉన్నచోట కొనుగోలుదారు ఉంటాడు. ఇది ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠం. కాని మన చిత్రాలలో ఎక్కువ భాగం వేశ్యను చూపి, కొనేవానిని దాచినవి. చూపినా మీసం మెలివేసే విలనుగానో, పోలీసులు రాగానే దుప్పటి ముసుగు వేసుకొని పరుగెత్తే హాస్యగానిగానో చూపినవి. హాలులో కూర్చున్న పెద్దమనిషి తనను తాను గుర్తుపట్టే అవకాశం ఇవ్వలేదు.

ఈ నియమాన్ని తప్పిన కొన్ని చిత్రాలను పేర్కొంటాను.

మొదటిది గురుదత్ ప్యాసా, 1957. కవిని సొంత అన్నలే వెళ్ళగొట్టి, అతని కవితల కాగితాలను చిత్తు కింద అమ్మివేస్తారు. వాటిని దాచి, చివరకు అచ్చు వేయించినది గులాబో అనే వీధి వేశ్య. అందులో ఒక చిన్న ఘట్టం ఉన్నది. గులాబోను ఒక పోలీసు తరుముకు వస్తాడు. కవి అడ్డు నిలిచి, ఈమె నా భార్య అంటాడు. ఆ ఒక్క మాటతో పోలీసు వెనక్కు తగ్గుతాడు. ఆమె అదే మనిషి. క్షణం క్రితం తరుమదగినది, క్షణం తరువాత గౌరవింపదగినది. మధ్యలో మారినదేమిటి? ఒక పురుషుని పేరు ఆమెకు తగిలినది. పితృస్వామ్యం అనే పెద్ద మాటకు ఇంతకంటే సులభమైన వివరణ లేదు. అదే చిత్రంలో ఆ బజారు గుండా నడుస్తూ కవి పాడే పాట ఈ వీధికి బాధ్యులైన పెద్దలనే సూటిగా నిలదీస్తుంది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పది సంవత్సరాలు. ఈ కథనే తెలుగులో 1978లో మల్లెపువ్వుగా శోభన్‌బాబుతో తీశారు.

రెండవది శ్యామ్ బెనెగల్ మండీ, 1983. ఉర్దూ రచయిత గులామ్ అబ్బాస్ కథ దానికి మూలం. మండీ అంటే బజారే. ఊరి మధ్య ఉన్న వేశ్యాగృహాన్ని నీతి పేరుతో ఊరి వెలుపలకు తరలిస్తారు. నీతి వెనుక ఉన్నది ఆ స్థలానికి పెరిగిన ధర. వెలుపల ఆ ఇల్లు చేరిన చోట మళ్ళీ జనం, అంగళ్ళు, కొత్త ఊరు పుట్టుకొస్తవి. ఊరికి ఆ ఇల్లు అక్కరలేదన్నవారే ఆ ఇల్లు లేకుండా ఉండలేకపోయారు. షబానా ఆజ్మీ ధరించిన రుక్మిణీబాయి దేవతా కాదు, రాక్షసీ కాదు. ఆమె ఆ స్త్రీలకు తల్లివలె ఉంటుంది, వారి మీద వ్యాపారమూ చేస్తుంది. మోసంతో అక్కడికి తేబడిన ఒక మూగపిల్ల ప్రాణం తీసుకోబోతుంది. బెనెగల్ ఎవరినీ కడిగి ఆరవేయలేదు. అందుకే ఆ చిత్రంలో మనుషులు కనిపిస్తారు.

మూడవది జపాను దేశపు చిత్రం. మిజోగుచి 1956లో తీసిన ఎర్రదీపాల వీధి కథ. టోక్యోలోని యోషివారాలో ఒక ఇల్లు, అందులో కొందరు స్త్రీలు. ఒకామె జబ్బు భర్తనూ పసిబిడ్డనూ పోషించటానికి వచ్చినది. ప్రభుత్వం చేయని మేలు మేము మీకు చేస్తున్నామని యజమాని వారికి ఉపన్యాసమిస్తాడు. కార్మికులను నిలువునా పిండుకుంటూ, పని కల్పించి పోషిస్తున్నామని చెప్పే యజమానుల భాష మనకు కొత్త కాదు గదా! ఆ చిత్రం మార్చిలో విడుదలయినది. మే నెలలో జపాను పార్లమెంటు వ్యభిచార నిరోధక చట్టాన్ని ఆమోదించినది. చిత్రం చివర ముఖానికి రంగు పూసుకున్న ఒక కొత్తపిల్ల తలుపు చాటు నుండి బెరుకుగా, మొదటిసారి, దారినపోయేవానిని పిలుస్తుంది. అంతటితో సరి. ఓదార్పు లేదు.

నాలుగవది మన తెలుగు చిత్రం నా బంగారు తల్లి, 2013. రాజేష్ టచ్‌రివర్ దర్శకుడు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందినది. అందులో తండ్రి ఊరిలో గౌరవనీయుడు, కూతురంటే ప్రాణం. ఇతరుల ఆడపిల్లలను అమ్మటం అతని రహస్య వ్యాపారం. చివరకు ఆ వలలో సొంత కూతురే పడుతుంది. అమ్మేవాడు ఎక్కడో చీకటిలో ఉండడు, మన పక్కింటిలో పూజ చేసుకుంటూ ఉండవచ్చునని చెప్పిన చిత్రమది. అగ్నిహోత్రావధాన్లు నూరేళ్ళ తరువాత ప్యాంటు తొడుక్కొని వచ్చినట్లు నాకు తోచినది.

చేరని ఉత్తరం

తపాలా సోదరులకు సంబంధించిన రెండు ఘట్టాలు చెప్పవలసి ఉన్నది.

మీరా నాయర్ సలామ్ బాంబే, 1988. ఇల్లు విడిచిన ఒక బాలుడు రైలెక్కి బొంబాయి చేరతాడు. కామాటిపురా ప్రాంతంలో టీలు అందిస్తూ బ్రతుకుతాడు. అక్కడికి ఒక నేపాలీ బాలికను తెచ్చి అమ్ముతారు. ఆమెకు పేరు కూడా ఉండదు. పదహారేళ్ళు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. వయసే పేరు, ఎందుకంటే వయసే ధర. ఆ బాలుడు తల్లికి ఉత్తరం వ్రాయించుకుంటాడు. సొమ్ము తీసుకొని వ్రాసిపెట్టిన లేఖకుడు, చిరునామా సరిగా లేదని, పిల్లవాడు వెళ్ళగానే ఆ కాగితాన్ని పారవేస్తాడు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఒక కాగితం పోయినది. అంతకుమించిన క్రౌర్యం ఆ చిత్రంలో లేదు.

రెండవది సంజయ్ లీలా భన్సాలీ గంగూబాయి కాఠియావాడీ, 2022. సినిమాలలో వేషం ఇప్పిస్తానని ప్రియుడు బొంబాయి తెచ్చి వెయ్యి రూపాయలకు అమ్మివేసిన యువతి కథ. ఆమె చాలా కాలానికి ఇంటికి ట్రంకు కాల్ చేస్తుంది. ఇంత కాలపు దుఃఖాన్ని తల్లికి చెప్పుకోవాలి. మధ్యలో ఆపరేటరు ఇంకా ఇన్ని సెకండ్లని గుర్తుచేస్తూ ఉంటుంది. 1985 వరకు తంతి తపాలా ఒకే శాఖ. ఆ బల్లల మీద పనిచేసిన మన సహోద్యోగులు అటువంటి ఎన్ని గొంతులు విని ఉంటారో! ఆ చిత్రంలో ఆడంబరం ఎక్కువ. కథానాయిక ఉపన్యాసం ఇవ్వగానే సమస్య సగం తీరినట్లు అనిపిస్తుంది. నాకు నచ్చలేదు. కాని ఆ ట్రంకు కాలు మాత్రం మనసులో ఉండిపోయినది.

చట్టం చూపు

సినిమా చూపునే తప్పుపట్టి చట్టాన్ని వదిలివేయరాదు. మన రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అక్రమ విక్రయాన్ని నిషేధించినది. 1956లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసినది. 1986లో దానిని సవరించి పేరు మార్చినారు. వేశ్యాగృహం నడపటం, ఆ సంపాదన మీద బ్రతకటం, స్త్రీలను అందులోకి దించటం నేరాలు. సక్రమమే. కాని అదే చట్టంలో బహిరంగంగా పిలవటం అనే 8వ సెక్షను చూడండి. మొదటిసారి ఆ నేరం రుజువైన స్త్రీకి ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చును. అదే నేరం పురుషుడు చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల వరకు. చట్టం పుస్తకంలో కూడా వెల ఆమెకే ఎక్కువ.

2022 మే 19న సుప్రీంకోర్టు, ఈ వృత్తిలో ఉన్నవారిని పోలీసులు గౌరవంగా చూడాలని, నివాస రుజువు లేకపోయినా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువపత్రం మీద వారికి ఆధార్ ఇవ్వాలని, కార్డులో వారి వృత్తి బయటపడరాదని ఆదేశించినది. ఇది బలవంతపు విక్రయాన్ని ఒప్పుకోవటం కాదు. మనిషికి మనిషి గుర్తింపు ఇవ్వటం మాత్రమే. ఆధార్ కేంద్రాలు నడుపుతున్న తపాలా కార్యాలయాల ఉద్యోగులు ఈ ఆదేశం తెలుసుకొని ఉండాలి.

మన పని

ముగించే ముందు ఒక సొంత సంగతి చెప్పుకోవాలి. నేను టిక్కెట్ల తనిఖీ ఉద్యోగిగా పనిచేసి విరమించినవాడిని. చాలా సంవత్సరాల క్రితం ఒక రాత్రి బండిలో ఒక మనిషి, అతని వెంట ఇద్దరు బాలికలు. మూడు టిక్కెట్లూ సరిగా ఉన్నవి. "ఏ ఊరమ్మా?" అని చిన్నపిల్లను అడిగాను. ఆమె నా వంక చూడలేదు, అతని వంక చూసినది. "మా అక్క కూతుళ్ళండీ" అన్నాడు. టిక్కెట్టు సరిగా ఉన్నది, నా పని అయిపోయినది. చార్టు మీద గీత పెట్టి ముందుకు పోయాను. అతడు నిజంగా మేనమామే కావచ్చును. నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవటానికి ఇంకొక రెండు ప్రశ్నలు చాలు. ఆ రెండు ప్రశ్నలూ నేను అడగలేదు. సలామ్ బాంబేలో ఉత్తరం పారవేసిన లేఖకుని చూసినప్పుడల్లా నా చేతిలో ఆ చార్టు కనిపిస్తుంది.

అందుచేత నేను కోరేది మూడు మాటలు.

ఒకటి: బండిలో, ప్లాట్‌ఫారం మీద, వెంట ఉన్నవాని వంక చూసిగాని నోరు విప్పని పిల్ల కనిపిస్తే, టిక్కెట్టుతో పని అయిపోయినదనుకోవద్దు. పేరు, ఊరు, ఎక్కడికి, ఎవరి వద్దకు అని పిల్లనే అడగండి. సందేహం ఉంటే రైల్వే రక్షక దళానికి చెప్పండి. పిల్లల సహాయానికి 1098, రైల్వే సహాయానికి 139 ఉన్నవి. పొరపాటు పడితే ఒక మేనమామకు కోపం వస్తుంది. అడగకపోతే ఒక జీవితం పోతుంది.

రెండు: కౌంటరు వద్దకు వచ్చిన స్త్రీ ఏ వీధి నుండి వచ్చినదని చూడవద్దు. పొదుపు ఖాతాకు, ఉత్తరానికి, డబ్బు పంపటానికి వచ్చినది. ఆ డబ్బు తీసుకునే ఇల్లు ఆమెను గడప తొక్కనివ్వకపోవచ్చును. కనీసం మన కౌంటరు అయినా ఆమెను చిన్నచూపు చూడకూడదు.

మూడు: సినిమా చూసేటప్పుడు కంటతడి పెట్టండి, తప్పులేదు. కాని తుడుచుకున్న తరువాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈమెను అమ్మినవాడెవడు? కొన్నవాడెవడు? లాభం ఎవరిది? ఈ మూడింటికీ జవాబు చెప్పని చిత్రం, ఎంత గొప్పగా ఏడిపించినా, ఆ బజారుకు ఒక రంగు తెర మాత్రమే.

ఇక ప్రశ్నలు అడగండి. ముందుగా సోదరీమణులు.